సాగర్ ఎంతుంది?

హైదరాబాద్ వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఇప్పటికీ పొద్దున్నే పేపరు చేతికి రాగానే ముందు జిల్లా పేజీ తీస్తాను. ఓ మూల చిన్న డబ్బాలో ప్రాజెక్టుల నీటిమట్టాలు వేస్తారు చూడండి, అది వెతుక్కుంటాను. సాగర్ అంకె చూశాకే మిగతా వార్తలు. అది ఐదు వందల ఎనభై దాటి ఉంటే ఆ రోజు చాయ్ కూడా రుచిగా ఉంటుంది. ఐదు వందల ఇరవై దగ్గర ఉంటే ఇక్కడ నాకొచ్చే నష్టమేమీ లేకపోయినా కడుపులో ఏదో కలుక్కుమంటుంది.

మా ఊరు మిర్యాలగూడ దగ్గర. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నుంచి వచ్చే ఒక మేజరు, అంటే పెద్ద పిల్లకాలువ, చివర ఉంటుంది. మా నాయిన ఆ మేజరు మీద లస్కర్. తూములు ఎత్తడం, దించడం, గేజీ చూసి రిజిస్టర్లో రాయడం, గండి పడితే పరుగెత్తడం ఆయన పని. చేతికింద రెండెకరాల మాగాణి కూడా ఉండేది, అదీ ఆ కాలువ కిందే.

మా వైపు ఇద్దరు ఎదురుపడితే "బాగున్నవా" తర్వాత రెండో మాట "సాగర్ ఎంతుంది?" అడుగులని ఎవరూ అనరు. "ఐదొందల అరవై" అంటే చాలు. 590 అంటే నిండు. 546 అంటే వరద నీళ్లు వదిలే క్రస్టు గేట్ల గడప. 510 అంటే సాగుకు కనీస మట్టం, ఇక అక్కడ ఆగాల్సిందే. ఈ మూడు అంకెలు మా ఊళ్లో బడి మొహం చూడని ముసలమ్మకు కూడా తెలుసు.

మిర్యాలగూడలో మేం ఎరువులు తెచ్చుకునే షాపాయన ఉద్దెర ఇచ్చే పద్ధతి నాకు బాగా గుర్తు. రైతు వచ్చి బెంచీ మీద కూర్చోగానే మా నాయిన వైపు చూసి "ఎంతుందట?" అనేవాడు. ఐదొందల డెబ్బై, ఎనభై అని వినపడితే మారుమాట లేకుండా ఖాతా పుస్తకం తీసేవాడు. ఐదొందల ముప్పై అంటే పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టి "ఇంకో వారం చూద్దాం పటేలా" అనేవాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆయనకు సరుకు ఇచ్చే పైవాళ్లు కూడా అదే అంకె అడుగుతారు. కృష్ణ మీద ఎక్కడో ఉన్న ఆనకట్ట గోడకు గీసిన ఒక గీత మా బస్తా యూరియాను, దాని మీద మిత్తిని నిర్ణయించేది.

కాలువ రాకముందు సంగతి మా తాత చెప్పేవాడు. జొన్న, సజ్జ, ఆముదం పండేవట. వరి అన్నం పండగపూటే. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ పునాదిరాయి వేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు, కుడి కాలువకు నెహ్రూ పేరు. కానీ మా ఊళ్లో మాత్రం అది ఎప్పటికీ "సాగర్ కాలువ"నే. ఆ నీళ్లొచ్చాకే రైస్ మిల్లులు లేచాయి. మిర్యాలగూడ అంటే మిల్లుల ఊరన్న పేరు అట్లా వచ్చిందే. మిల్లులతో పాటు లారీలు, హమాలీ ముఠాలు, గోనె సంచుల వ్యాపారులు, తవుడు కొనేవాళ్లు, ఊక బట్టీలకు తోలేవాళ్లు, మిల్లుల ముందు చాయ్ బండ్లు. మా చిన్నమ్మ ఒక మిల్లులో నూకలు చెరిగేది. పొట్టకూటి పని ఏదైనా సరే, దాని తీగ లాగితే డొంక సాగర్‌లో కదిలేది.

నాయిన గేజీ చూసే తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. మేజరు తల దగ్గర సిమెంటు గోడకు స్కేలు గీసి ఉంటుంది. నీళ్లు పారీ పారీ దాని మీద పాచి పడుతుంది. నాయిన మెట్ల మీదుగా మోకాలు లోతు దిగి, భుజం మీది తువ్వాల తడిపి అంకెల మీది పాచి తుడిచేవాడు. తరువాత అలలు తగ్గేదాకా కాసేపు ఊపిరి బిగబట్టినట్టు నిలబడేవాడు. నీళ్లు ఎగిసినప్పుడు ఒక గీత, దిగినప్పుడు ఒక గీత చూసి, ఆ రెంటి నడుమ ఉన్నది రాసుకునేవాడు. "పైకి లేసినప్పుడు సూసి రాస్తే కిందోనికి దొంగలెక్క జెప్పినట్టు బిడ్డా" అనేవాడు. షట్టర్ స్క్రూ రాడ్డుకు గ్రీజు పూసిన వాసన ఆయన చొక్కాలకు ఎంత ఉతికినా పోయేది కాదు.

2002లో నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడు జూలై అంతా ఆకాశం తెల్లగా ఉండిపోయింది. దేశమంతా అదే కరువు. మాకు నేరుగా వాన పడకపోయినా ఎప్పుడూ అంత భయం ఉండేది కాదు, పైన మహారాష్ట్రలో, కర్ణాటకలో పడితే చాలు. ఆ ఏడు పైనా పడలేదు. పడిన కాస్తా ఆల్మట్టి, నారాయణపూర్ దాటాలి, తరువాత జూరాల, తరువాత శ్రీశైలం. అన్నీ తాగాక మిగిలింది సాగర్‌కు.

"మనం కడబంతిల కూసున్నోళ్లం" అని నాయిన అరుగు మీద జనానికి చెప్పేవాడు. "వడ్డించేటోడు మనోడైతే కడబంతైనా ఫర్వాలేదంటరు. గానీ ఈడ వడ్డించేది వాన. పైబంతోళ్ల ఇస్తరాకులే నిండకపోతే మన దాంక గరిటె యాడికెల్లొస్తది?"

కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 811 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) మన ఉమ్మడి రాష్ట్రానికి కేటాయించిందని పేపర్లు చదివే పెద్దమనుషులు వాదించేవాళ్లు. నిజమే, హక్కు ఉంది. కానీ హక్కు కాగితం మీద ఉంటుంది, నీళ్లు నదిలో ఉండాలి. ఆ తేడా నాకు పద్నాలుగేళ్ల వయసులో తెలిసింది.

ఆ ఎండాకాలం నాయిన ఏదో పనిమీద డ్యామ్‌కు వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. చుట్టూ కొండలకు తెల్లటి చారలు, ఒకదాని కింద ఒకటి, నీళ్లు దిగిన మెట్లలాగా. ఎప్పుడూ మునిగి ఉండే రాళ్లు బయటపడి బూడిద రంగులో ఉన్నాయి. అయినా నా కంటికి అది సముద్రమే. "ఇన్ని నీళ్లుండంగ మనకెందుకియ్యరు?" అని అడిగాను. 510 దగ్గర కూడా సాగర్‌లో ఇంకా 131 టీఎంసీల నీళ్లు ఉంటాయి. నిండితే 312. అంటే మా ఊరి వాళ్లంతా "సాగర్ ఎండింది" అని ఏడ్చిన రోజున కూడా అందులో మూడో వంతుకు పైగా నీళ్లున్నాయన్న మాట.

నాయిన వెంటనే జవాబు చెప్పలేదు. తిరుగు బస్సులో చెప్పాడు. "గాదె అడుగున ఇత్తుల వడ్లుంటయి జూడు. ఆకలైతుందని అవి దంచుకుంటే ఎట్లయితది?" ఆ అడుగు నీళ్లలోంచే తాగునీళ్లు తియ్యాలి. కింద బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లోనే కట్టారు. మా కాలువకంటే నూటపన్నెండేళ్లు పెద్దది ఆ డెల్టా, దాని హక్కు దానిది. పైగా నీటిమట్టం పడిపోయే కొద్దీ కాలువ తలలో తోపు తగ్గిపోతుంది, తూము ఎత్తినా చివరిదాకా పారదు.

ఇంకో లెక్క కూడా ఆయనే చెప్పాడు, నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. జలాశయం గిన్నెలాంటిది, పైన వెడల్పు, కింద ఇరుకు. 590 దగ్గర ఒక్క అడుగు అంటే దాదాపు మూడు టీఎంసీలు. 510 దగ్గర ఒక్క అడుగంటే రెండు కూడా ఉండవు. ఎడమ కాలువ నిండుగా 11 వేల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) పారితే రోజుకు ఇంచుమించు ఒక టీఎంసీ పోతుంది. నిండుగా ఉన్నప్పుడు మూడు రోజుల్లో దిగే అడుగు, అడుగంటినప్పుడు రెండు రోజులు కూడా నిలవదు. కరువులో అంకె అంత తొందరగా ఎందుకు పడిపోతుందో జనానికి అర్థం కాక, ఎవరో రాత్రిపూట నీళ్లు అమ్ముకుంటున్నారని పుకార్లు పుట్టేవి. ఆ పుకార్లు మొదట తగిలేది లస్కర్ ఇంటికే.

ఆ ఏడూ, ఆ తరువాత ఏడూ మా మేజరు కింద నాట్లు పడలేదు. పొలాలు నెర్రెలిచ్చాయి. మొదట ఆగింది మిల్లు సైరన్. పొద్దున ఆరింటికి ఆ కూత విని లేచే అలవాటు మాకు. అది లేక మా అమ్మ చాలా రోజులు ఆలస్యంగా లేచి, తనను తాను తిట్టుకునేది. కొన్ని మిల్లులు బయటి నుంచి ధాన్యం తెచ్చి నడుపుకున్నాయి, చిన్నవి మూతపడ్డాయి. మా చిన్నమ్మకు పని పోయింది. హమాలీలు వేపచెట్టు కింద పులిమేక ఆడుతూ, లారీ చప్పుడైతే తలెత్తి చూసేవాళ్లు. వరిగడ్డి దొరక్క పాలిచ్చే బర్రెలను సంతకు తోలారు. అక్కడ కొనేవాడు కూడా గడ్డి లేనివాడే కదా, అడిగిన ధరకు ఇచ్చి వచ్చారు. మా బజార్లో సగం మంది హైదరాబాద్ పోయారు. కొందరు వాచ్‌మెన్లు, కొందరు సెంట్రింగ్ పని. నా పక్క బెంచీలో కూర్చునే దోస్తు దసరా సెలవులకు పోయినవాడు మళ్లీ బడికి రాలేదు.

మా అక్క పెళ్లి కూడా ఆ గీత దగ్గరే ఆగింది. మాఘమాసంలో చేద్దామని మాట అనుకున్నారు. అబ్బాయి వాళ్లదీ కాలువ కింది సేద్యమే. ఇచ్చేవాళ్ల దగ్గరా లేదు, పెట్టేవాళ్ల దగ్గరా లేదు. "నీళ్లొచ్చినంక" అన్నారు. ఒక మాఘం పోయింది. రెండో మాఘం రాకముందే వాళ్లు వేరే సంబంధం చేసుకున్నారు. అక్క ఏమీ అనలేదు. దానికోసం కొని పెట్టిన చీర పెట్టెలోంచి తీసి, కలరా ఉండలు మార్చి, మళ్లీ పెట్టేసింది.

"వరి మానండి, ఆరుతడి పంటలు వేయండి" అని ఏటా చెబుతారు. మంచి మాటే. కానీ అది ఒక్కడు చేసే పని కాదు. చుట్టూ వరి ఉండి నడుమ నువ్వొక్కడివి పెసర వేశావనుకో, పై మడి జాలు దిగి నీ చేను కుళ్లిపోతుంది. తూము కిందున్న వాళ్లంతా ఒక్క మాట మీదికి వస్తేనే అవుతుంది. ఆ ఒక్క మాట కోసం 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది. కొన్నిచోట్ల బాగా నడిచాయి కూడా. నాకు మాత్రం ఒకటే అనిపిస్తుంది: నీళ్ల పొదుపు కరువు ఏడాది నేర్పితే ఎవరూ వినరు, ఆకలిగా ఉన్నవాడికి ఉపవాసం గురించి చెప్పినట్టుంటుంది. 590 నిండిన ఏడాదే వారబందీ (వంతులవారీగా నీళ్లు వదలడం) పెట్టి, తన వంతు అయ్యాక తూము మూసేయడం పైవాడికి అలవాటు చేయాలి. చివరి భూములవాళ్లకు అప్పుడే ధైర్యం వస్తుంది.

ఇక ఒక రాత్రి సంగతి.

2003 ఎండాకాలంలో తాగునీటి చెరువులు నింపడానికి కాలువకు కొద్దిరోజులు నీళ్లు వదిలారు. సాగుకు చుక్క కూడా పోకూడదని తూములన్నిటికీ తాళాలు వేశారు. రాత్రంతా లస్కర్లు గట్టు మీద తిరగాలి. తోడు మనిషి జ్వరంతో పడుకుంటే నాయిన నన్ను వెంటబెట్టుకుపోయాడు. చేతిలో మూడు సెల్లుల బ్యాటరీ లైటు. నెలల తరువాత కాలువలో నీళ్ల చప్పుడు. గట్టు పొడవునా కప్పలు ఎక్కడినుంచి పుట్టుకొచ్చాయో గానీ ఒకటే అరుపు.

ఒకచోట నాయిన టక్కున ఆగాడు. లైటు ఆర్పాడు. నాకేమీ వినపడలేదు. "గుటక ఇనవడతలేదా?" అన్నాడు. చెవి పెట్టి వింటే తెలిసింది, నీళ్లు మింగుతున్నట్టు సన్నటి శబ్దం. రెండంగుళాల నల్ల పైపు కాలువలోంచి గట్టు మీదుగా అవతలికి దిగి ఉంది. మోటరు లేదు, కరెంటు లేదు. పైపును కాలువలో ముంచి నింపి, రెండు కొసలూ అరచేతులతో మూసి, ఒక కొస గట్టు దాటించి వదిలితే చాలు, నీళ్లు వాటంతటవే ఎక్కి దిగుతాయి. అవతలి కొస దగ్గర మా మేనమామ గొంతుక్కూర్చుని ఉన్నాడు.

మామది బత్తాయి తోట. తొమ్మిదేళ్ల చెట్లు. ఆ లైటు వెలుగులో చూశాను, ఆకులు దొప్పల్లా ముడుచుకుని ఉన్నాయి. పిందెలు గోలీకాయలంత ఉండగానే రాలి, చెట్ల కింద ఎండిపోయి కాళ్ల కింద పటపటమంటున్నాయి. వరి పోతే ఒక పంట పోతుంది. తోట పోతే పదేళ్లు పోతాయి.

"బావా, ఈ ఒక్క రాత్రి" అన్నాడు మామ. "రెండు సాళ్లు తడిస్తే సాలు. పానం నిలుస్తది."

నాయిన గట్టు మీదే కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. పైపు నీళ్లు మింగుతూనే ఉంది. ఆయన ఆ కాసేపు కావాలనే ఊరుకున్నాడేమో అని నాకిప్పుడు అనిపిస్తుంది. తరువాత అన్నాడు, "కింద చెరువుల ఇంక బురదే ఉంది. మీ అక్క రెండు బిందెల కోసం తెల్లారగట్ల మూడింటికి లేస్తంది. నీ పైపు ఇడిస్తే పొద్దుగాల్లకు ఇంకో పది పైపులు దిగుతయి. అప్పుడు నేనెవల్ల మొకం జూడాలె?"

లేచి, కాలువలో ఉన్న కొస పట్టుకుని పైకి లాగాడు. గాలి చొరబడిన పైపు ఒక్కసారి గురకపెట్టి ఆగిపోయింది. నాయిన దాన్ని చుట్టలు చుట్టి, తీసుకుపోకుండా, మామ భుజానికే తగిలించాడు. మామ ఒక్క మాట అనలేదు. చీకట్లో తోటలోకి వెళ్లిపోయాడు. తెల్లారి రిజిస్టర్లో నాయిన గేజీ మాత్రమే రాశాడు. పైపు ఊసు రాయలేదు.

మూడో రోజుకు చెరువులోకి నీళ్లు చేరాయి. ఊరంతా గట్టు మీదికి పోయి చూసింది. మా అమ్మ పోలేదు. తమ్ముడి తోట ముందే పారుతున్న నీళ్లు తన బిందెలోకి వచ్చాయన్న బాధ ఆమెది. నెల్లాళ్లు నాయినతో ముభావంగానే ఉంది. వర్షాలొచ్చేసరికి మామ చెట్లన్నీ కొట్టేశాడు. మొద్దులు ఇటుకబట్టీకి పోయాయి. మా ఇంటి ముందు నుంచే బండి పోయింది. నాయిన ఆ రోజు అన్నం తినలేదు.

లస్కర్‌కు జీతం తూము ఎత్తినందుకు ఇస్తారని అందరూ అనుకుంటారు. మూసినందుకు పడే బరువుకు ఏ గడీ ఉండదు రిజిస్టర్లో.

ఇప్పుడు నేను తాగే నీళ్లూ అవే. కృష్ణా నీళ్లు మొదటి దశ కింద హైదరాబాద్‌కు వచ్చింది 2004లో. ఆ తరువాత 2008లో, 2015లో ఇంకో రెండు దశలు. 2024 ఎండాకాలంలో మట్టం 510 దరిదాపుల్లోకి దిగితే నగరం కోసం సాగర్ దగ్గర అత్యవసర పంపింగు పెట్టారు. మా అపార్ట్‌మెంట్లో వాళ్లు ట్యాంకర్ ఆలస్యమైందని గొడవపడుతుంటే నేను నల్లా కట్టేసి నిలబడ్డాను. ఆ అడుగు నీళ్ల కోసం మేజరు గట్ల మీద ఎంతమంది ఎవరి పైపులు లాగుతున్నారో అని.

2005లో కృష్ణమ్మ వచ్చింది. పైన మహారాష్ట్రలో వానలు దంచికొట్టాయి. రోజూ పొద్దున అంకె మారేది. అడుగు, రెండడుగులు, ఐదడుగులు. ఎరువుల షాపాయన ఖాతా పుస్తకానికి కొత్త అట్ట వేయించాడు. కాలువకు నీళ్లు వదిలిన రోజు నాయిన వెంట నేనూ ఉన్నాను. ముందుగా నురగ వచ్చింది, ఎండుటాకులు, చెప్పులు, ఒక పాము. దాని వెనక ఎర్రటి నీళ్లు. నాయిన మెట్లు దిగి తువ్వాల తడిపి, రెండేళ్ల దుమ్ము పట్టిన స్కేలు తుడిచాడు.

ఆ పంట ఇంటికొచ్చాక మాఘంలో అక్కకు పెళ్లి పెట్టుకున్నాం, కొత్త సంబంధం, పాత చీరే. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తీసుకురావాల్సింది మేనమామ. పిలవడానికి అమ్మ పోయి వచ్చింది. వస్తాడో రాడో ఏమీ చెప్పలేదట. ముహూర్తానికి గంట ముందు దాకా నాయిన పందిరి గుంజ పట్టుకుని బజారు వైపే చూస్తూ నిలబడ్డాడు.

మామ వచ్చాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. తోట ఉన్నచోట ఇప్పుడు వరి వేశాడని అప్పటికే మాకు తెలుసు. లోపలికి రాకుండా నాయిన దగ్గర ఆగి, కాళ్లకు నీళ్లు పోసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"సాగర్ ఎంతుంది బావా?"

"యాసంగికి ఢోకా లేదు" అన్నాడు నాయిన. చెంబులో మిగిలిన నీళ్లు ఆయనే మామ పాదాల మీద పోశాడు. లోపల అక్క గంపలో కూర్చుని ఎదురుచూస్తోంది.